హ్యూ ఓవెన్ థామస్

ప్రమాదములకు లోనైనవారిని చేర్చుకొను వైద్యాలయపు గదులలో ఒక ఇనుప చట్రము గోడకు వ్రేలాడుచుండుట మనలో పెక్కురు చూచియే యుందురు. పైభాగమున తోలు చుట్టిన ఒక కడియము. ఆ కడియమునకు ఇరుప్రక్కల నుండి క్రిందికి దిగిన రెండు కడ్డీలు. ఆ రెండును అడుగున కలియుచోట చిన్న వంపు. ఇంతకు మించి దానియందేమియు లేదు. కొలత చెప్పినచో మన పల్లెలోని కమ్మరి యొక పూటలో దానిని చేసి యీయగలడు. వైద్యులును నర్సులును దానిని థామస్ స్ప్లింట్ అందురు. తొడయెముక విరిగి వచ్చినవాని కాలికి తొలుత తొడుగునది తరచుగా ఇదియే.

ఆ పేరు ఒక మనుష్యునిదని యెరిగినవారు తక్కువ. లిస్టరును, పాశ్చరును, ఫ్లారెన్సు నైటింగేలును గూర్చి మన పిల్లలు పుస్తకములలో చదువుచున్నారు. హ్యూ ఓవెన్ థామస్ పేరు మాత్రము ఒక ఇనుప చట్రమునకు పేరై నిలిచిపోయినది. ఆయన తన జీవితమంతయు ఏ పెద్ద వైద్యాలయమునందును ఉద్యోగము చేయలేదు. రాజుల వలన బిరుదులును పొందలేదు. అట్టివాని చరిత్రమును ఈ సంవత్సరపు సంచికయందు మా చేతనైనంతవరకు వ్రాయ బూనితిమి.

ఈ కథ ఆయన పుట్టుటకు తొంబది యేండ్లకు పూర్వమే మొదలగుచున్నది. వేల్సు దేశమునకు వాయవ్యమున ఆంగిల్సీ యను ద్వీపము గలదు. 1743కును 1745కును నడుమ ఆ తీరమున ఒక ఓడ పగిలెను. అందుండి ఇద్దరు బాలురు ప్రాణములతో ఒడ్డు చేరిరి. ఒకడు కొలదికాలమునకే మరణించెను. రెండవవానికి వెల్షు భాష గాని ఆంగ్లము గాని రాదు. తా నెవ్వడో, ఏ దేశపువాడో చెప్పుకొనలేకపోయెను. స్పెయిను దేశపువాడై యుండునని ఆ ప్రాంతపువారు చాలకాలము తలచిరి. ఇటీవల ఆ వంశపు పురుషుల జన్యువులను పరీక్షించినవారు కాకసస్ పర్వత ప్రాంతపువాడై యుండవచ్చు ననుచున్నారు. ఏమైనను, ఆ యనాథబాలుని అచ్చటి యొక వైద్యుడు చేరదీసి పెంచెను. వానికి ఈవన్ థామస్ అని పేరిడిరి. విరిగిన రెక్కను గాని కాలును గాని పట్టి చూచి, ఎముకను దాని చోటికి చేర్చి కట్టుటలో ఆ బాలుని వ్రేళ్లకు వింతయైన నేర్పు గలదని పెంచినవారు కనుగొనిరట. మొదట పక్షులకును పశువులకును, పిదప మనుష్యులకును కట్టుకట్టి యతడు పేరు గాంచెను. ఆ విద్య కొడుకునకును, మనుమనికిని సంక్రమించెను. మన కథానాయకుడు ఆ బాలునికి మునిమనుమడు.

ఇట్టి కుటుంబములు మన దేశమున లేకపోలేదు. పుత్తూరు కట్టు మాట వినని తెలుగువారు అరుదు. తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చు ఈ విద్యను చదువుకొన్నవారు చులకన చేయుటయు, తక్కినవారు దానికి మించినది లేదని గ్రుడ్డిగా నమ్ముటయు మనము నిత్యము చూచుచున్నాము. రెండును తగవని మా యభిప్రాయము. థామస్ ఈ రెండు పక్షముల నడుమ నలిగినవాడు.

ఆయన తండ్రి పేరును ఈవన్ థామసే. ఇతడు 1804లో పుట్టి, పందొమ్మిదవ యేట ఇల్లు విడిచి లివర్‌పూల్ నగరమునకు వచ్చి, ఇనుము పోతపోయు కర్మాగారమున కూలికి చేరెను. లివర్‌పూల్ నాడు బ్రిటనులోని గొప్ప రేవులలో నొకటి. ఓడల కొయ్యలపైనుండి పడిన నావికులు, బస్తాల క్రింద నలిగిన కూలీలు, యంత్రములలో చిక్కిన పనివారు దినదినమును కాళ్లు చేతులు విరుగగొట్టుకొనుచుండిరి. ఈవన్ కులవిద్యను బయటికి తీసెను. కొలది యేండ్లలోనే అతని వాకిట జనము క్రిక్కిరిసెను. పట్టము పొందిన వైద్యులకు ఇది కంటగింపయ్యెను. కట్టు చెడినదని అతనిపై వ్యాజ్యములు నడచెను. పనివారు అతని పక్షముననే నిలిచిరి గాని, న్యాయస్థానపు మెట్లెక్కి దిగి విసిగిన యా తండ్రి ఒక నిశ్చయమునకు వచ్చెను. తన కొడుకులలో ఒక్కడును పట్టము లేని వైద్యుడు కాగూడదు. ఆయనకు ఐదుగురు కుమారులు. ఐదుగురును వైద్యవిద్య చదివి పట్టములు పొందిరి.

వారిలో పెద్దవాడు హ్యూ. 1834 ఆగష్టు 23వ తేదీని ఆంగిల్సీలోనే జన్మించెను. బాల్యమునుండియు బలహీనుడు. అందుచేత పట్టణపు పొగకు దూరముగా కొన్నియేండ్లు తాతగారి యింట పెరిగెను. చిన్ననాడు ఎవరో విసరిన రాయి తగిలి యొక కనురెప్ప చెడెను. ఆ కన్ను కనబడకుండ టోపీ యంచును ముందునకు లాగి పెట్టుకొనుట ఆయనకు జీవితమంతయు అలవాటయ్యెను. పదునేడవ యేట ఒక వైద్యుని యొద్ద, తన మేనమామయే, శిష్యుడుగా చేరి నాలుగేండ్లు పని నేర్చెను. పిదప ఎడింబరోనందును లండనునందును చదివి 1857లో శస్త్రవైద్యుని పట్టము పొందెను. కొంతకాలము పారిసు నగరపు వైద్యాలయములను చూచి తండ్రి యొద్దకు తిరిగి వచ్చెను.

తండ్రి కోరిక నెరవేరెను. అయినను తండ్రికొడుకుల పొత్తు ఒక సంవత్సరము దాటి సాగలేదు. చేతి యనుభవమే ప్రమాణమని తండ్రి. అది చాలదు, కారణము తెలియవలెనని కొడుకు. ఇద్దరును మాట పడువారు కారు. 1859లో హ్యూ వేరుగా వైద్యశాల తెరచెను. 1866లో నెల్సన్ వీధి 11వ నంబరు ఇల్లు కొని, తుదివరకు అందే యుండెను. పట్టము గలవారు ఆయనను ఎముకలు కట్టువాని కొడుకని తమలో చేర్చుకొనలేదు. ఎముకలు కట్టువాడైన తండ్రితో పొసగలేదు. ఇట్లు రెండిండ్లకును వెలియైన యొంటరితనముననే ఆయన పని యంతయు జరిగినది.

ఆ పని యెట్టిదో తెలియుటకు కాలి యెముకను గూర్చి కొంత చెప్పక తప్పదు. మన దేహములో నెల్ల పొడవైనది, బలమైనది తొడయెముక. దాని చుట్టును గట్టి కండరములు గలవు. ఎముక నడుమ విరిగినప్పుడు ఈ కండరములు బిగిసి, క్రింది ముక్కను పైకి లాగును. రెండు ముక్కలును ఒకదాని ప్రక్క కొకటి జారును. అందువలన కాలు పొట్టియగును, తొడ లావెక్కును, పాదము బయటి వైపునకు ఒరగును. పదునైన ఎముక కొనలు కదలినప్పుడెల్ల మాంసమును కోయును. పైన చర్మము చెక్కుచెదరకున్నను లోపల లీటరుకు పైగా రక్తము కారి నిలువవచ్చును. విరిగినది కాలే గదా యని జనము తలతురు. ప్రాణము పోవునది ఇచ్చటనే.

వృద్ధుల విషయము వేరు. తుంటికీలులో అమరు గుండ్రని తలకును తొడయెముక కాండమునకును నడుమ మెడవంటి సన్నని భాగము గలదు. వయస్సు మీరినకొలది, అందును స్త్రీలలో, ఇది గుల్లబారును. నీళ్లగదిలో కాలు జారుట, గడప తట్టుకొనుట చాలును. పడినవారు లేవలేరు, పరుండి మడమను పడకపైనుండి ఎత్తలేరు, కాలు కొంచెము పొట్టియై పాదము బయటికి తిరిగి యుండును. వాపు పెద్దగా కనబడకపోవుటచేత బెణికినదని నూనె రాచి నెలలు గడపిన యిండ్లు మన పేటలలో నున్నవి. అవ్వగారు పడి, ఆ పిమ్మట నిలువలేకున్నచో, బెణుకు కాదు, తుంటి విరిగినదనియే తలచి వైద్యుని యొద్దకు గొనిపోవలెను.

ఈ గురుతులన్నిటిని థామస్ కంటితోను చేతితోను గ్రహింపవలసి వచ్చెను. ఎక్స్‌రే కిరణములను రాంట్జెన్ కనుగొన్నది 1895 నవంబరులో. అప్పటికి థామస్ మరణించి నాలుగేండ్లు దాటినది. అయినను ఆయన చూపిన పరీక్ష యొకటి నేటికిని వైద్యవిద్యార్థులు నేర్చుచున్నారు. తుంటికీలు చెడిన పిల్లవానిని బల్లపై వెల్లకిల పరుండబెట్టినచో రెండు కాళ్లును సమముగానే యున్నట్లు తోచును. ఏలయనగా నడుము విల్లువలె పైకి లేచి, తుంటియందలి వంపును దాచును. థామస్ ఏమి చేసెననగా, మంచి కాలిని మోకాలివద్ద వంచి రొమ్మువరకు తెచ్చెను. అంతట నడుము బల్లకు అంటుకొనును. దాగియున్న వంపు బయటపడి, చెడిన తొడ తనంతట పైకి లేచి నిలుచును. తొడకును బల్లకును నడుమ నున్న కోణమే ఆ వంపునకు కొలత. పరికరము లేదు, ఖర్చు లేదు. బల్లయు, రెండు చేతులును చాలును.

ఆ కాలమున తుంటికిని మోకాలికిని క్షయ సోకిన పిల్లలు వేలకొలది యుండిరి. వారి కీళ్లను కోసి తీసివేయుట, కాలినే తెగగొట్టుట గొప్ప శస్త్రవైద్యులకు పరిపాటి. థామస్ దీనిని తీవ్రముగా నెదిరించెను. చెడిన కీలునకు గాని విరిగిన యెముకకు గాని మొదట కావలసినది విశ్రాంతి యని ఆయన సిద్ధాంతము. ఆ విశ్రాంతి పేరునకు మాత్రమైనది కారాదు. ఎడతెగనిది, చాలినంత కాలము సాగునది కావలెను. పిల్లవానిని కదలకుమని చెప్పిన కదలక యుండునా? కనుక విశ్రాంతిని నోటిమాటకు విడువక ఇనుముతో కట్టవలెను.

ఆ ఇనుమే మనము మొదట చెప్పిన చట్రము. దాని తోలు కడియము గజ్జ చుట్టును అమరి, మనము కూర్చుండు ఎముకకు ఆనుకొనును. కడ్డీలు కాలికి ఇరువైపుల దిగి పాదము దాటి పోవును. పాదమును పట్టీలతో చట్రపు అడుగునకు లాగి కట్టినచో, క్రింద లాగుబలము, పైన కడియపు ఆనిక. ఈ రెంటి నడుమ కాలు చాపబడి నిలుచును. కండరములు క్రమముగా అలసి సడలును. జారిన ముక్కలు పొడవునకు వచ్చును. కొనలు మాంసమును కోయుట మానును. రోగి యొక పడకనుండి వేరొక పడకకు మారినను కాలు మాత్రము చట్రములో నిశ్చలము. మొదట దీనిని మోకాలి క్షయకు చేసెను. పిదప విరిగిన తొడలకును వాడెను. 1875లో తుంటి, మోకాలు, చీలమండల వ్యాధులను గూర్చి వ్రాసిన గ్రంథములో తన పద్ధతులను లోకమునకు చెప్పెను.

నెల్సన్ వీధి యింట వైద్యశాలతోపాటు ఒక కొలిమియు తోలుపని గదియు నుండెను. కమ్మరియు, తోలుపనివాడును జీతమునకుండి, ప్రతి రోగి కాలికి తగినట్లు కొలిచి చట్రములు చేయుచుండిరి. అచ్చుపోసిన వస్తువు కాదు. వైద్యుడే సుత్తె పుచ్చుకొని కడ్డీని వంచి సరిచేయుటయు గలదు. తాతముత్తాతల వ్రేళ్లలోని విద్య ఎడింబరో చదువుతో కలసినచోటు మాకు ఈ కొలిమియే యని తోచుచున్నది. పుస్తకము మాత్రమే చదివినవాడు కమ్మరి ప్రక్కన కూర్చుండడు. కట్టు మాత్రమే యెరిగినవాడు కీలు ఏల వంగెనని అడుగడు.

మనిషి పొట్టి, సన్నన. గొంతువరకు బొత్తాములు పెట్టిన నల్లకోటు, కంటిపైకి లాగిన టోపీ, ఎడతెగని సిగరెట్టు. ఈ తుది యలవాటును మన పిల్లలు అనుసరింపగూడదు. ఆయన కాలమున దాని కీడు తెలియదు. తెల్లవారకముందే లేచి గుఱ్ఱపుబండిపై రోగుల యిండ్లకు పోయి వచ్చి, పిదప వాకిట నిండిన జనమును చూచుచుండెను. రేవు కూలీల సంఘములు, నావికుల సంఘములు ఆయననే తమ వైద్యునిగా పెట్టుకొనిరి. ఆదివారము బీదలకు ఉచితవైద్యపు దినము. ఆ దినమున ఇంగ్లండు నలుమూలల నుండియు కుంటివారు, కట్టుకట్టినవారు, తల్లుల భుజములపై పిల్లలు ఆ యింటి ముందు బారులు తీరుచుండిరి. విశ్రాంతిదినమున ఆయన విశ్రమింపలేదు. సబ్బాతునాడు స్వస్థపరచుట తగునా యను ప్రశ్న మన వేదపాఠములలో విన్నవారికి నెల్సన్ వీధి వాకిలి కన్నులకు కట్టకపోదు.

1864లో ఆయన ఎలిజబెత్ జోన్సును పెండ్లాడెను. వారికి సంతానము లేదు. ఆమె యన్న కుమారుడు రాబర్ట్ జోన్సు పదునారేండ్ల వయస్సున, 1873లో, ఆ యింట చేరెను. మామ ఆ కుఱ్ఱవానికి తన విద్య నంతయు ఇచ్చెను. ఇచ్చిన దానిని లోకమునకు చేర్చినవాడు ఆ కుఱ్ఱవాడే. మామకు లేని గుణము అతనికి గలదు. అది నలుగురితో కలసిపోవుట.

థామస్‌నకు కోపము మెండు. గ్రంథములు వ్రాసినప్పుడు తన పద్ధతిని చెప్పుటతో తృప్తిపడక, ఎదుటివారిని పేరుపేరున దెప్పుచు వ్రాసెను. అవి చదువుటకు కష్టమైనవి. చదివినవారికి రోషము పుట్టించునవి. లండను శస్త్రవైద్యులు వానిని మూసి పెట్టిరి. ఆయన తప్పు ఇందు లేదని మే మనజాలము. నిజము పలుకువాడు వినువాని చెవిని మూయునట్లు పలుకుట వలన నష్టపడువాడు మూడవవాడు, అనగా రోగి. అమెరికానుండి జాన్ రిడ్లన్ అను వైద్యుడు స్వయముగా లివర్‌పూలు వచ్చి చూచి, ఆ పద్ధతులను తన దేశమున వ్యాపింపజేసెను. సముద్రము దాటి వచ్చినవానికి కనబడినది, లండనువారికి కనబడలేదు.

1888లో మాంచెస్టరు నుండి సముద్రమునకు ఓడల కాలువ త్రవ్వు మహాకార్యమున గాయపడినవారి చికిత్సాభారము రాబర్ట్ జోన్సునకు లభించెను. వేలకొలది కూలీలు పనిచేయుచోట ఎముకలు విరుగుట నిత్యకృత్యము. కాలువ పొడవునను చిన్న వైద్యాలయములు కట్టించి, మామ పద్ధతులనే అచ్చట నడపెను. ఆ కాలువ 1894లో తెరువబడెను. థామస్ దానిని చూడలేదు. 1891 జనవరి మొదట, చలిలో ఒక రోగిని చూచుటకు పోయి వచ్చి, ఊపిరితిత్తుల వాపుతో మంచము పట్టి, ఆ నెల 6వ తేదీని మరణించెను. వయస్సు 56. రేవు కూలీలు, కర్మాగారపు పనివారు, వారి యాండ్రు పిల్లలు వేలకొలది వీధులయందు నిలిచి ఆయనను సాగనంపిరి.

ఆ పిదప ఇరువది మూడేండ్లు థామస్ చట్రము లివర్‌పూలునందును, కొలదిచోట్లను తప్ప వాడుకలో లేదు. 1914లో ఐరోపా మహాయుద్ధము వచ్చెను. ఫ్రాన్సునందలి కందకములలో తుపాకి గుండ్లకును, ఫిరంగి ముక్కలకును తొడలు విరిగిన సైనికులను బురదలో, గోతులలో, చీకటిలో మోసికొని వెనుకకు తేవలెను. బద్ద సరిగా లేని కాలు అడుగడుగునకు కదలును. ఎముక కొనలు లోపల కోయుచునే యుండును. నొప్పియు రక్తనష్టమును కలసి మనిషి చల్లబడును. యుద్ధపు తొలినాళ్లలో ఇట్టివారిలో నూటికి 80 మంది వరకు మరణించిరని నాటి శస్త్రవైద్యులు వ్రాసిరి. ఈ లెక్క కొంత పెద్దదని తరువాతి చరిత్రకారులలో కొందరందురు. కొంత తగ్గించి చెప్పుకొన్నను ఘోరమే.

అప్పుడు రాబర్ట్ జోన్సు సైన్యములో ఉన్నతోద్యోగియై, మామ చట్రమును యుద్ధభూమికి తెచ్చెను. సైనికుని బూటును విప్పకుండ, లాగును కోయకుండ, పడినచోటనే దానిని తొడుగు క్రమమును ఏర్పరచిరి. చీకటిలో తొడుగుట అలవడుటకై మోతగాండ్ర కన్నులకు గంతలు కట్టి అభ్యాసము చేయించిరి. ఒకడు పాదము పట్టి లాగును, ఒకడు కడియమును గజ్జవరకు త్రోయును, ఒకడు కట్టును. 1917 ఏప్రిలులో ఆరాస్ యుద్ధమున ఇట్లు చట్రము తొడిగి తెచ్చిన 1,009 మందిలో మరణించినవారు నూటికి 16కు లోపని సైనిక శస్త్రవైద్యుడు హెన్రీ గ్రే లెక్క చెప్పెను. ఈ మేలంతయు చట్రమొక్కదాని వలననే కలిగెనని చెప్పుట సరికాదు. గాయమును వెంటనే కోసి శుభ్రపరచుట, రక్తనష్టమునకు చికిత్స చేయుట నాడే మెరుగుపడుచుండెను. అయినను శస్త్రవైద్యుని బల్లవరకు ప్రాణముతో చేరినగాని ఆ చికిత్సలు పనికిరావు. చేర్చినది ఆ చట్రము.

ఇచ్చట మాకొక విచారము కలుగక మానదు. 1875లోనే ఆ విద్య అచ్చులో నున్నది. యుద్ధము 1914లో వచ్చినది. నడుమ ముప్పది తొమ్మిది యేండ్లు. చట్రమునకు పట్టు ఖర్చు కొంచెమే. నేర్చుటకు పట్టు కాలము కొలది దినములే. ఎముకలు కట్టువాని కొడుకు మాట వినుట నామోషీ యనుకొన్నవారును, వారిని దూషింపక మాటలాడజాలని ఆ కొడుకును, యుద్ధపు మొదటి రెండేండ్లలో మోతబల్లలపై చల్లబడిన యా యువకులెవ్వరో యెరుగరు.

నేడు థామస్ సిద్ధాంతమంతయు యథాతథముగా నిలిచి యున్నదని చెప్పరాదు. కీళ్ల క్షయకు ఇప్పుడు మందులు గలవు. విరిగిన తొడయెముక బోలులో ఉక్కు కడ్డీని దూర్చి బిగించు శస్త్రచికిత్స వలన పెద్దవారు కొలది దినములలోనే లేచుచున్నారు. వృద్ధుల తుంటి విషయమున దీర్ఘవిశ్రాంతి మేలు కాదు, కీడే. నెలలకొలది పరుండినవారికి వీపున పుండ్లు పడును, కాళ్లలో రక్తము గడ్డకట్టును, ఊపిరితిత్తులు చెడును. అందుచేత సాధ్యమైనంత త్వరగా, ఒకటి రెండు దినములలోనే శస్త్రచికిత్స చేసి లేపుటయే నేటి పద్ధతి. అయినను వైద్యాలయమునకు చేరువరకును, శస్త్రచికిత్స జరుగువరకును కాలిని కదలనీయకుండుట అను థామస్ మాటను నేటికిని త్రోసివేయువారు లేరు.

చింతచెట్టెక్కి పడినవారును, మోటారుసైకిలు పై నుండి పడినవారును మన విద్యార్థులలో ప్రతి సంవత్సరమును కొందరుందురు గనుక ఇంకొక మాట. తొడ విరిగినవానిని లేవదీసి నిలువబెట్టరాదు. మోటారుసైకిలుపై ఇద్దరి నడుమ ఇరికించి కొనిపోరాదు. మన రోడ్లపై ఇది కన్నులార చూచుచున్నాము. వంకర తిరిగిన కాలిని తెలియనివారు లాగి సరిచేయరాదు, మర్దన చేయరాదు. గాయమున్నచో శుభ్రమైన గుడ్డ వేసి అదుమవలెను. విరిగిన కాలికిని మంచి కాలికిని నడుమ మడిచిన దుప్పటి పెట్టి, తువ్వాళ్లతో రెంటిని కలిపి, విరిగినచోట ముడి పడకుండ, మెల్లగా కట్టవలెను. కాలివ్రేళ్లు చల్లబడినను నల్లబడినను కట్టు సడలింపవలెను. వెదురుబద్దలతో రక్తము ఆడకుండ బిగించి కట్టుటచేత కుళ్లి తెగవేయవలసివచ్చిన కాళ్లు గలవు. అన్నము నీళ్లు పెట్టరాదు, శస్త్రచికిత్స కావలసి రావచ్చును. 108కు ఫోను చేసి, బండి వచ్చువరకు ప్రక్కన కూర్చుండి ధైర్యము చెప్పవలెను.

థామస్ చట్రమునకు ఇంకొక రూపము గలదు. కడ్డీల అడుగుకొనలను బూటు మడమలో దిగవేసినచో రోగి దానితో నడువవచ్చును. కాలిపర్ అను పేరున అది మన దేశమంతట వ్యాపించినది. పోలియో వలన కాళ్లు చచ్చుబడిన పిల్లలు ఆ కడ్డీల యానికతోనే బడులకు నడచి వచ్చిరి. ఈ పాఠశాల వంటి పాఠశాలల పాత విద్యార్థులలో, ఇప్పుడు ఉద్యోగములలో నున్నవారిలో, అట్టివారు కలరు. భారతదేశమున సహజముగా వ్యాపించు పోలియో తుది రోగి కనబడినది 2011 జనవరిలో, పశ్చిమబెంగాలునందు. 2014 మార్చిలో మన దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ప్రకటించిరి. క్రొత్తగా ఆ వ్యాధికై కాలిపర్లు తొడుగవలసిన పిల్లలు ఇప్పుడు మన తరగతులలో లేరు. ఆనాడు తొడిగినవారు మాత్రము నేటికిని తెల్లవారగానే తోలుపట్టీలు బిగించుకొని పనులకు పోవుచున్నారు.